మేడం పిన్ను కథ

పిన్ను కథ చెప్పాలంటే మేడం కుర్చీలోంచి లేచి నిలబడాల్సిందే. కూర్చుని చెబితే కథ సగమే పండుతుందని ఆవిడ నమ్మకం. ఆ సోమవారం పొద్దున కొత్తగా పనిలో చేరిన ఐదుగురు ఆడవాళ్ళు ప్రెస్సు షెడ్డు గుమ్మంలో వరసగా నిలబడి ఉంటే, అడుగు పొడవు ఇనప స్కేలు చేత్తో పట్టుకుని వాళ్ళ ముందు అటూ ఇటూ నడిచింది. వెనకాల ఆరు ప్రెస్సులు రేకు డబ్బాల మూతలు కొడుతున్నాయి. ఒక్కో దెబ్బకీ కాళ్ళ కింద నేల అదురుతోంది.

"మా రోజుల్లో ఆడదాన్ని ప్రెస్సు చాయలకి రానిచ్చేవాళ్ళు కాదు. మూతలు తుడవాలి, పెట్టెల్లో సర్దాలి, నోరు మూసుకోవాలి. ఒకసారి మగాళ్ళంతా పని మానేసి బయట కూర్చున్నారు. యజమానికి గతిలేక మమ్మల్ని తెచ్చి ప్రెస్సుల మీద కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టి, స్కేలు మేస్త్రీని మా నెత్తిన పెట్టాడు. ఇదిగో, ఈ స్కేలే. గంటకి మూడొందల మూతలు పడకపోతే వచ్చి 'చెయ్యి' అనేవాడు. అంతే, ఒక్కటే మాట. మనం చెయ్యి చాపాలి. ఇలా, కణుపులు పైకి పెట్టి."

ఆవిడ ఎడమ చెయ్యి చాపి, స్కేలు అంచుతో కణుపుల మీద ఉత్తుత్తిగా తట్టుకుంది. కొత్తవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ప్రెస్సుకి రెండు బటన్లు. రెండూ ఒకేసారి నొక్కి ఉంచితేనే రేకుని కొట్టే ఇనప దిమ్మ కిందికి దిగుతుంది. ఎందుకూ? రెండు చేతులూ బయట ఉంటాయని. బాగానే ఉంది. మరి రెండు చేతులూ బటన్లకే అంకితమైతే రేకు ఎవరు పెడతారు, మీ మావగారొచ్చి పెడతాడా?"

ఈసారి అందరూ నవ్వారు. ఈ మావగారి దగ్గర నవ్వనివాళ్ళు ఇంతవరకు లేరు.

"అప్పుడు నాకో బుద్ధి పుట్టింది. తలలోంచి పక్కపిన్ను తీసి ఎడమ బటను సందులో దోపాను. అది నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది. కుడిచేత్తో బటను, ఎడమచేత్తో రేకు. ఆ గంట ఐదొందల యాభై పడ్డాయి. స్కేలు మేస్త్రీ నోరు వెళ్ళబెట్టాడు. ఏడాది తిరిగేసరికి నేను సూపర్‌వైజర్ని. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డనాడు ఈ ప్రెస్సులన్నీ కొన్నది కూడా నేనే. స్కేలుతో సహా."

ఆఖర్న, "మీరు మాత్రం అలా చెయ్యకండేం" అని కన్ను గీటింది. ఆ ముక్క చెప్పకపోయినా పోయేది. మనిషి నోటితో వద్దని కంటితో కానీమంటే, వినేవాళ్ళు కంటి మాటే వింటారు.

షెడ్డు చివర మూతలు సర్దే బల్ల దగ్గర పిన్ని ఎప్పటిలాగే గోడవైపు తిరిగి పని చేసుకుంటోంది. పిన్ని ఆవిడకి చుట్టం కాదు, వయసులో నాలుగేళ్ళు పెద్దదంతే. ఫ్యాక్టరీలో అందరూ రెండువేళ్ళ పిన్ని అంటారు. ఎడమచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే ఉన్నాయి. ఆ రెంటి మధ్య మూత అంచు పట్టి, ఒక్క గీత పడకుండా పెట్టెలో దించుతుంది.

కొత్తవాళ్ళని పంపేసి మేడం ప్రెస్సుల వెంబడి నడిచింది. నాలుగో నంబరు దగ్గర ఆగింది. దాని మీద కూర్చునేది కళ్ళజోడమ్మాయి. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, చేరి ఏడాదైంది. చెమటకి జోడు జారుతుంటే భుజంతో పైకి నెట్టుకుంటుంది గానీ చెయ్యి మాత్రం ఆపదు.

"శనివారం గంటకి నాలుగొందలు. ఇవాళా ఇంతేనా?" అని మేడం స్కేలుతో ప్రెస్సు బల్ల మీద టంగుమని కొట్టింది. స్కేలు మనిషికి తగల్లేదు. అయినా కళ్ళజోడమ్మాయి రెండు చేతులూ ఒళ్ళోకి లాక్కుంది. మేడం అది చూసింది. చూసి, చూడనట్టే ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయింది. అత్తా ఒకింటి కోడలే అంటారు గానీ, అత్తయినవాళ్ళకి ఆ సంగతి గుర్తుండదు.

అరగంట గడవలేదు. రేకు తెగితే టక్కుమని తేలికగా మోగుతుంది. ఇది అలా మోగలేదు, తడిగుడ్డల మూట మీద కొట్టినట్టు మొద్దుగా వచ్చింది. ఇంకా కేక వినబడనే లేదు, మేడం కుర్చీ తన్నేసి పరుగెత్తింది. ఆ చప్పుడు ఆవిడకి తెలుసు.

కళ్ళజోడమ్మాయి ఎడమ చెయ్యి దిమ్మ కింద ఉంది. దిమ్మ పూర్తిగా దిగలేదు, పైకీ లేవలేదు. రేకుకీ అచ్చుకీ మధ్య ఎముక అడ్డంపడి ప్రెస్సు గుర్రుమంటోంది. రక్తం నూనెలో కలిసి బల్ల అంచు నుంచి ఆమె ఒళ్ళోకి కారుతోంది. జోడు ఎటో పడిపోయింది. ఆమె నోరు తెరుచుకుని ఉంది గానీ కేక ఆగిపోయింది, ఊపిరి మాత్రం ఈలలా వస్తోంది. మేడం అన్నకొడుకైన ఫోర్మన్ దిమ్మ పైకి లేస్తుందేమోనని బటను మీదికి చెయ్యి చాపాడు.

మేడం వాణ్ణి చొక్కా పట్టి వెనక్కి లాగి చెంప మీద కొట్టింది. "నొక్కితే మిగతా చెయ్యి కూడా పోతుందిరా, వెధవా. మోటారు ఆపు." మోటారు ఆగాక తనే పక్కకెళ్ళి పెద్ద చక్రానికి రెండు చేతులూ వేసింది. వెనక్కి తిప్పాలి. ముందుకి ఒక్క జానెడు తిరిగినా దిమ్మ ఇంకా దిగుతుంది. అరవైకి దగ్గరపడ్డ ఒళ్ళు, చక్రం మొండికేసింది. భుజం ఆనించి, పళ్ళు బిగించి, కాలు గోడకి తన్నిపెట్టి తోసింది. చక్రం కదిలింది. దిమ్మ అంగుళం లేచింది. చెయ్యి బయటికొచ్చింది. రెండు వేళ్ళు రాలేదు, మధ్యవేలు సగమే వచ్చింది.

పిన్ని అప్పటికే తలగుడ్డ విప్పుకుని వచ్చింది. ఉన్న రెండు వేళ్ళతోనే గుడ్డ కొస పట్టి, రెండో చేత్తో మణికట్టు మీద బిగించి ముడేసింది. నలుగురు కలిసి ఆమెని ఎత్తి బయటికి తీసుకుపోతున్నారు. అందరి చూపూ అటే ఉంది. మేడం చెయ్యి దానంతటదే ఎడమ బటను సందులోకి వెళ్ళింది. అక్కడున్న నల్ల పిన్ను తీసి జాకెట్టులో దోపుకుంది. ఎందుకు తీశావని ఎవరైనా అడిగితే ఆ క్షణంలో చెప్పలేకపోయేది. తలెత్తేసరికి గుమ్మంలో పిన్ని ఆగి, తననే చూస్తోంది. పిన్ని అందరి వెనకాలే వెళ్ళిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం కళ్ళజోడమ్మాయి అన్న వచ్చాడు. వెల్డింగు పనిచేసే మనిషి, చేతులనిండా నిప్పురవ్వల మచ్చలు. వచ్చేసరికి ఆఫీసు గదిలో మేడం కూతురు ప్రమాదం రిపోర్టు రాస్తోంది. ఆ పిల్ల పెద్ద చదువు చదివి, తల్లి ఫ్యాక్టరీని కంప్యూటర్లోకి ఎక్కించింది. ఫోర్మన్ పక్కన నిలబడి, ఎదురుగా ఉన్న మేడంకి చెబుతున్నాడు.

"మెషీను నిన్ననే పరీక్ష చేయించాం అత్తా. లోపమే లేదు. అంటే ఆ మనిషే బటను కట్టేసి ఉంటుంది. ఆపరేటరు నిర్లక్ష్యం అని రాసేస్తే మనకి ఇబ్బంది లేదు."

"అలా రాస్తే ఆవిడకి పరిహారం రాదు. పనీ ఉండదు," అంది కూతురు.

"మరి మనమే తప్పు చేశామని రాసుకుంటామా?"

ఈ మాటలన్నీ గుమ్మంలో నిలబడ్డ అన్న చెవిన పడ్డాయి. అతను అరవలేదు. నేరుగా లోపలికొచ్చి బల్ల మీదున్న ఇనప స్కేలు అందుకుని ఫోర్మన్ మొహం మీద అడ్డంగా కొట్టాడు. ముక్కు పగిలింది. రెండో దెబ్బ చెవి మీద పడింది. ఫోర్మన్ వెనకనున్న కుర్చీతో సహా పడ్డాడు. కిందపడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు, మళ్ళీ తన్నాడు. కూతురు అడ్డం పోతే విదిలించేశాడు, ఆమె వెళ్ళి అద్దాల బీరువాకి గుద్దుకుంది. అద్దం భళ్ళుమని పగిలి ఆమె చీలమండ మీద కోసుకుంది.

"మా చెల్లికి నిర్లక్ష్యమా. దానికా." అతను మేడం వైపు తిరిగి స్కేలెత్తాడు. "చెప్పు. నువ్వు చెప్పు."

అప్పుడు మేడం చేసిన పని ఆవిడ కూతురికి ఎన్నటికీ అర్థం కాలేదు. పారిపోలేదు, మొహానికి చేతులు అడ్డుపెట్టుకోలేదు. ఎడమ చెయ్యి ముందుకి చాపింది. కణుపులు పైకి పెట్టి, వేళ్ళు కొంచెం వంచి, బడిపిల్లలా. ఆవిడ చాపలేదు, చెయ్యే చాచుకుంది. ముప్పై ఏళ్ళ కిందటి దెబ్బలు ఒంట్లోంచి పోలేదని ఆవిడకి అప్పుడే తెలిసింది.

అతను కొట్టేశాడు. అప్పటికే దిగుతున్న దెబ్బ, ఆపుకోలేకపోయాడు. రెండు కణుపుల మీద తోలు చిట్లి ఎముక తెల్లగా కనబడింది. ఆ చెయ్యి ఇంకా చాచే ఉండటం చూసి అతను స్కేలు వదిలేశాడు. గోడకి జారగిలబడి, మొహం మోచేతుల్లో పెట్టుకుని, మగాడు ఏడవకూడని ఏడుపు ఏడ్చాడు.

"పోలీసులకి ఫోన్ చేస్తాను," అని ఫోర్మన్ నెత్తురు ఉమ్ముతూ లేచాడు.

"ఎవరికీ చెయ్యక్కర్లేదు. ఆ మనిషికి మంచినీళ్ళివ్వండి," అంది మేడం.

సాయంత్రం చేతికి కట్టు కట్టించాక కూతురు పక్కన కూర్చుంది. కుంటుతున్న కాలు స్టూలు మీద పెట్టుకుంది. "గురువారం ఇన్‌స్పెక్టర్ వస్తోందమ్మా. ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆడమనిషి, చాలా కచ్చితం అంటున్నారు. అన్నీ నేను మాట్లాడతాను. నువ్వొక్కటి గుర్తు పెట్టుకో. ఆ పిన్ను కథ మాత్రం చెప్పకు."

కథ చెప్పొద్దని ఆవిడతో అన్న మొదటి మనిషి కన్నకూతురే. మేడంకి కోపం రావాల్సింది. రాలేదు. జాకెట్టులో పిన్ను గుచ్చుకుంటోంది, తేలుకుట్టిన దొంగలా కూర్చుంది.

బుధవారం మధ్యాహ్నం మేడం ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. కళ్ళజోడమ్మాయి మంచానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమచెయ్యి దూది బంతిలా మెత్తటి కట్టులో ఉంది. జోడు లేక కళ్ళు చిన్నగా, కొత్తగా ఉన్నాయి. మేడంని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

"మీ చేతికేమైంది మేడం?"

"ఏం లేదు. తలుపు పడింది."

ఇద్దరూ ఒకరి కట్టు ఒకరు చూసుకున్నారు. పక్క మంచాలవాళ్ళు వినకుండా ఆమె గొంతు తగ్గించింది. "పిన్ను సంగతి ఎవరికీ చెప్పలేదు మేడం. మా అన్నకి కూడా. మెషీను దానంతటదే దిగిందని చెప్పాను. పిన్ను పెట్టానని తెలిస్తే నాకేమీ రాదట. మీ పేరు కూడా పాడైపోతుంది."

"నా పేరెందుకు పాడవుతుంది?"

"మీరు చెప్పిందే కదా." ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. పాఠం అప్పజెప్పే పిల్లలా అంది. ఎంతోసేపటినుంచి తొలుస్తున్న మాట అడిగింది. "మేడం, మీరు చేస్తే ఏమీ కాలేదు కదా. ఐదొందల యాభై కొట్టారు కదా. మరి నాకెందుకైంది? నాకు సరిగ్గా దోపడం రాలేదా?"

మేడం మందులు అడిగొస్తానని వంక పెట్టి బయటికొచ్చింది.

అక్కడినుంచి నేరుగా ఫ్యాక్టరీకి వచ్చింది. పని వదిలే వేళ. అందరూ చేతులు కడుక్కుంటున్నారు. పిన్ని మాత్రం సర్దిన పెట్టెలకి టేపు అంటిస్తోంది. టేపు చుట్ట చిటికెనవేలికి తగిలించి, పంటితో తెంపుతోంది. మేడం వెళ్ళి బల్లకి ఇవతల నిలబడింది. జాకెట్టులోంచి పిన్ను తీసి బల్ల మీద పెట్టింది.

పిన్ని పిన్ను వైపు చూసి, మళ్ళీ టేపు లాగింది. "నాకెందుకు చూపిస్తావు. నేను చూశాగా."

"ఆ పిల్ల అడిగింది, మీకేమీ కాలేదు కదా అని."

"నిజమే. నీకేం కాలేదు. నీకు కావాల్సింది నాకైంది." పిన్ని టేపు కింద పెట్టింది. గొంతు పెంచలేదు. ధర చెప్పినట్టు చెప్పింది. "ఇదే నాలుగో నంబరు. మనం కూర్చున్న రెండో వారం. నాకు మూడొందలు పడటం లేదని వాడు రోజూ కణుపులు చితక్కొడుతుంటే, నువ్వొచ్చి నేర్పావు. నాకు వేళ్ళు వాచి పిన్ను జారిపోతుంటే నువ్వే దోపావు. గుర్తుందా?"

"ఉంది."

"గంట సేపు బాగానే పడ్డాయి. తర్వాత నేను చెయ్యి అందులో పెట్టుకుని అరుస్తుంటే, నువ్వు ముందు పిన్ను తీశావు. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకున్నావు. స్కేలు మేస్త్రీ వచ్చి ఏమైందంటే తెలీదన్నావు. అజాగ్రత్త అని రాసుకున్నాడు. మొన్న మాత్రం ముందు చక్రం తిప్పి, ఆ తర్వాత పిన్ను తీశావు. పరవాలేదు, ముప్పై ఏళ్ళలో కొంచెం నేర్చుకున్నావు."

మేడం బల్ల అంచు పట్టుకుంది. "ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అడగలేదేం?"

"అడిగితే ఏం చెప్పేదానివి? కథ చెప్పేదానివి." పిన్ని పెట్టె పక్కకి జరిపింది. "పని ఇచ్చావు. జ్వరమొస్తే డాక్టరుకి చూపించావు. కాదనను. కానీ నువ్వు కొత్తవాళ్ళకి ఆ కథ చెప్పి నవ్విస్తావే, అప్పుడల్లా నీ పీక నులమాలనిపించేది. ఈ చేత్తో నులమలేనుగా. అందుకని గోడవైపు తిరిగేదాన్ని."

ఆ మాటకి మేడం ఏడ్చి ఉంటే ఇద్దరికీ సులువుగా ఉండేది. ఏడవలేదు. పిన్ను మళ్ళీ తీసుకుని వెళ్ళిపోయింది.

గురువారం పది గంటలకి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ముప్పై రెండో ముప్పై మూడో ఉంటాయి. జుట్టు బిగించి కట్టుకుని, కాళ్ళకి వేళ్ళ దగ్గర ఇనప తొడుగున్న బూట్లు వేసుకుంది. నాలుగో నంబరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని బటన్ల సందులు టార్చి వేసి చూసింది. తర్వాత ఆఫీసు గదిలోకొచ్చి, పగిలిన బీరువా చూసి, ఫోర్మన్ ముక్కు మీద ప్లాస్టరు చూసి, మేడం కట్టు చూసి, ఏమీ అడక్కుండా కాగితాలు ముందేసుకుంది.

"దిమ్మ దానంతటదే దిగిందని ఆపరేటరు అంటోంది. అలా జరగలేదు. ఎడమ బటను లోపలంతా కొత్త గీతలున్నాయి. సన్నటి ఇనుముతో దోపినట్టు."

"మేమూ అదే అనుకున్నామండి," అన్నాడు ఫోర్మన్ తేలికపడి. "ఈ ఆడవాళ్ళు ఎంత చెప్పినా వినరు. పిన్నులు దోపుతుంటారు."

"దోపిన వస్తువు దొరికిందా?"

"లేదండి," అంది కూతురు.

"దొరక్కపోయినా పరవాలేదు, గీతలు చాలు. ఆపరేటరు నిర్లక్ష్యం అని రాసేస్తాను. మీరు సంతకం పెడితే అయిపోతుంది." ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీసింది.

మేడం జాకెట్టులోంచి పిన్ను తీసి ఆ కాగితం మీదే పెట్టింది. ఫోర్మన్ మొహం వెలిగిపోయింది. కూతురు ఊపిరి వదిలి, "అమ్మకి దొరికినట్టుంది" అంది.

"దొరకలేదు. నేనే తీశాను. ఆ పిల్ల చెయ్యి నెత్తురు కారుతుండగా తీసి దాచాను." ఆవిడ కూర్చున్నచోటి నుంచే తలుపు వైపు కేకేసింది. "పిన్నీ, ఒకసారి రా."

"అమ్మా, వద్దు," అంది కూతురు.

"ఆ పిల్లకి ఇది నేర్పింది నేను. వచ్చిన ప్రతివాళ్ళకీ నేర్పాను. పిన్ను దోపితే పని చెయ్యని బటన్లున్నాయి, మార్పిద్దామని పోయినేడు ఎలక్ట్రీషియను చెప్పాడు. మూతలు తగ్గిపోతాయని వద్దన్నాను. అదీ రాసుకోండి."

ఫోర్మన్ లేచి నిలబడ్డాడు. "అత్తా, మతిపోయిందా నీకు. ఫ్యాక్టరీ పోతుంది."

"కూర్చోరా."

ఇన్‌స్పెక్టర్ పెన్ను పట్టుకున్న చెయ్యి కాగితం మీదే ఆగింది. "ఇది నేను రాస్తే వెనక్కి తీసుకోవడం కుదరదు మేడం. షెడ్డుకి సీలు పడుతుంది. కేసు మీ మీదికే వస్తుంది. బాగా ఆలోచించుకోండి."

"ముప్పై ఏళ్ళు ఆలోచించాను."

పిన్ని తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. బల్ల మీద పిన్ను చూసింది, దాని కిందున్న కాగితం చూసింది. మేడం అలవాటు ప్రకారం లేచి, కుర్చీ వెనక్కి నెట్టి, గొంతు సవరించుకుంది. కట్టు లేని చెయ్యి గాలిలోకి లేచింది, స్కేలు పట్టుకున్నట్టే.

"మా రోజుల్లో ఆడదాన్ని ప్రెస్సు చాయలకి..."

"కూర్చో," అంది పిన్ని. "కూర్చుని చెప్పు."

మేడం కూర్చుంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఎన్నోసార్లు చెప్పిన కథే గానీ, ఈ సగం ఎప్పుడూ చెప్పలేదు. పిన్ని వచ్చి ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుని, ఎడమచెయ్యి తీసి బల్ల మీద, పిన్ను పక్కన పెట్టింది.

"ఈవిడకి వేళ్ళు వాచి పిన్ను జారిపోతుంటే," అంది మేడం ఆ చేతినే చూస్తూ, "నేనే దోపాను."

ఇన్‌స్పెక్టర్ రాసుకోవడం మొదలుపెట్టింది.